ఎవరి పేరున ఒక్కపొద్దు

కొడుక్కి పోటీ దగ్గర పడిందంటే అండాలమ్మ తినడం మానేసేది. కొడుకు మానేవాడు కాదు. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం జొన్నరొట్టెలూ మేకమాంసమూ, రాత్రికి బాదం నూరి కలిపిన పాలు, అన్నీ వేళకు లాగించి హాయిగా నిద్రపోయేవాడు. మర్నాడు లేచి, సందు చివర అంతయ్య నడిపే పాత సామాన్ల దుకాణానికి వెళ్లి, ఇనుము తూచే కాంటా ఎక్కి నిలబడేవాడు. ముల్లు నిలిచేదాకా చూసి అంతయ్య, "అరకిలో దిగినవ్‌రా దశరథా. మీ అమ్మ ఒక్కపొద్దు గట్టిగనే ఉన్నట్టుంది" అనేవాడు.

ఒక్కపొద్దు అండాలమ్మది, తరుగు దశరథది. ఎల్బీ నగర్ చౌరస్తా వెనక ఆ సందులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి ముక్కున వేలేసుకున్నవాళ్లూ లేరు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అండాలమ్మ తినకపోతే కొడుకు చిక్కుతాడు, అంతే. ఆమె పక్కింట్లో చాయ్ వద్దన్నదంటే, "మళ్ల ఏ దేశం పోతున్నడు నీ కొడుకు?" అని అడిగేవారు.

నకిరేకల్ దగ్గర ఆమె పుట్టింటి పల్లెలో ఒక్కపొద్దుకు ఒక పద్ధతి ఉండేది. తెల్లారి స్నానం చేసి, యాదగిరిగుట్ట నరసింహస్వామి పటం ముందు నిలబడి, దోసిట్లోంచి నీళ్లు విడుస్తూ, ఎవరి పేరు మీద ఉంటున్నదీ పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు. ఒక్కపొద్దు విడిచేటప్పుడు కూడా మొదటి ముద్ద అదే పేరు చెప్పి తినాలి. అండాలమ్మ తల్లి ఒకసారి ఎద్దు పేరు మీద ఉంటే దాని కాలి వాపు తీసేసినట్టు పోయింది. ఆ పోవడం పోవడం వాపుతో ఆగక ఎద్దు కూడా కాస్త సన్నబడిందనీ, మొదటి ముద్ద ఎద్దు పేరున తిన్నాక మళ్లీ కోలుకుందనీ చెప్పుకునేవారు. అండాలమ్మ ఆ పద్ధతిని కొడుక్కి వాడుకుంది.

దశరథ సరూర్‌నగర్ తాలీంలో ఎర్రమట్టిలో పొర్లి కుస్తీ నేర్చుకున్నాడు. తర్వాత మట్టి వదిలి పరుపు మీదికి, ఫ్రీస్టైల్‌కి వచ్చాడు. అతను పోటీ పడేది అరవై ఆరు కిలోల తరగతిలో. మామూలు రోజుల్లో డెబ్బై ఉండేవాడు. పోటీకి ముందురోజు సాయంత్రం తూకం. ఆ తూకానికి అందరు పహిల్వాన్లూ నాలుగు రోజులు నోరు కట్టుకుని, రబ్బరు సూట్లు తొడుక్కుని పరుగెత్తి, చెమటంతా కార్చుకుని, చివరికి ఉమ్ము కూడా మింగకుండా వచ్చి నిలబడేవారు. దశరథ మాత్రం పళ్లు కుట్టుకుంటూ వచ్చేవాడు. తూకం కాగానే కోచ్ వెంకట్రావు ఎల్బీ నగర్‌కు ఫోన్ చేసేవాడు. "అయిపోయిందమ్మా, ఇక భోంచెయ్యండి." అండాలమ్మ కొడుకు పేరు చెప్పి మొదటి ముద్ద తినేది. తెల్లారేసరికి దశరథకు పోయిన బరువు పోయినంతా తిరిగొచ్చేది. ఇది నియమాలకు విరుద్ధమేమీ కాదు. తల్లి తినకూడదని కుస్తీ నియమాల్లో ఎక్కడా లేదు.

అలా దశరథ ఖాట్మండులో కంచు పతకం తెచ్చాడు. కొలంబోలో వెండి తెచ్చాడు. మనీలాలో అయిదోవాడుగా నిలిచాడు. మామూలు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిమ్‌లో కాలేజీ కుర్రాళ్ల చేత బరువులు ఎత్తించేవాడు. అండాలమ్మ ఉన్నన్ని ఒక్కపొద్దులకు ఇంకొకరైతే పుల్లలా అయిపోయేవారు. ఆమె గుండ్రంగానే ఉండేది. బరువు కొడుకుది పోయేది గాని ఆకలి మాత్రం ఆమెకే మిగిలేది. దాని సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

సకల జనుల సమ్మె వచ్చిన ఏడు దశరథకు తాష్కెంట్ పోటీకి పిలుపొచ్చింది. అక్కడ మొదటి నలుగురిలో నిలిచినవాణ్ని జాతీయ శిబిరానికి తీసుకుంటారు. నిలవకపోతే ఆ శిబిరానికి మళ్లీ పిలవరు. ఇరవై ఐదు దాటబోతున్న పహిల్వాన్ కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికీ ఉండదు. దశరథకూ వెంకట్రావుకూ అండాలమ్మకూ కూడా ఇది ఆఖరి తలుపని తెలుసు.

సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. అండాలమ్మ భర్త లచ్చయ్య దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు. టికెట్ల సంచి మేకుకు తగిలించి రోజూ డిపో ముందు కూర్చుని వచ్చేవాడు. డిపో ఎదుట నిరాహార దీక్షకు టెంటు వేశారు. మొగవాళ్లు కూర్చున్నారు, లేచారు. లేచినవాళ్లలో ఇద్దరు దవాఖాన పాలయ్యారు. ఇక ఆడవాళ్లం కూర్చుంటాం, పోలీసులు ఎత్తుకుపోయేదాకా లేవం అని ప్రకటించింది సంధ్యారాణి. సందులో బట్టలు కుట్టే మనిషి, ఆడవాళ్ల సంఘానికి ముందు నడిచేదీ ఆమే. ప్రకటించిన సాయంత్రమే అండాలమ్మ ఇంటి గడపలో వచ్చి కూర్చుంది.

"అక్కా, నువ్వు కూసోవాలె. మేమైతే రెండో రోజుకే కండ్లు తిరిగి పడిపోతం. డాక్టర్లు ఎత్తుకపోతరు. నువ్వు ఎన్ని రోజులున్నా నీకేం కాదు. నువ్వు కూసుంటే గా టెంటు లేవనే లేవది."

"నాకేం కాదు గని పోరనికి అయితది గదనే" అంది అండాలమ్మ.

"తూకం ఎప్పుడు?"

అండాలమ్మ చెప్పింది. సంధ్యారాణి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆమె మొహం విప్పారింది. దీక్షా, దశరథ బరువు దించాల్సిన రోజులూ సరిగ్గా ఒకచోటికే వచ్చాయి.

"ఇంకేందక్కా! ఎట్లాగూ ఉండేదే గద ఒక్కపొద్దు. ఇంట్ల ఉండే బదులు టెంటుల ఉండు. ఇటు తెలంగాణకాయె, అటు నీ కొడుక్కాయె."

ఇందులో తప్పు పట్టడానికి అండాలమ్మకు ఏమీ కనబడలేదు. గుట్టకు ఒకసారి పోయి రెండు మొక్కులు తీర్చుకుని వచ్చేవాళ్లు లేరా? ఒకే తలనీలాలు ఇద్దరు బిడ్డల పేరున ఇచ్చినవాళ్లు ఆమె చుట్టాల్లోనే ఉన్నారు. పైగా ఆమెకు కూర్చోవాలనీ ఉంది. లచ్చయ్య రోజూ డిపో దగ్గరికి పోయి వచ్చి కబుర్లు చెబుతుంటే, తాను మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయానని ఆమెకు కినుకగా ఉండేది.

దశరథా వెంకట్రావూ తాష్కెంట్‌కు విమానమెక్కారు. టెంటుకు పోయే రోజు తెల్లారి అండాలమ్మ పటం ముందు నీళ్లు విడిచి కొడుకు పేరు చెప్పింది. టెంటుకు వెళ్లాక మెడలో బంతిపూల దండ వేసి, ఒక్కొక్కరికీ మైకు చేతికిచ్చారు. అండాలమ్మ ఎన్నడూ మైకు పట్టుకోలేదు. గొంతు సవరించుకుని, "తెలంగాణ పేరు మీద నేను ఒక్కపొద్దు ఉంటున్న" అంది. రోడ్డవతల డిపో గోడకు తగిలి ఆ మాట తిరిగి ఆమెకే వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. లచ్చయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు.

రోజూ రెండు పూటలా డాక్టర్ ఆనంద్ కుమార్ వచ్చి ఆడవాళ్లకు బీపీ చూసి, తూకం వేసి పోయేవాడు. కొత్తపేటలో చిన్న దవాఖాన పెట్టుకున్న కుర్ర డాక్టరు. సందు సంగతులు అతనికి తెలియవు. రెండో రోజు సాయంత్రం అండాలమ్మను మిషను మీద నిలబెట్టి, "పెద్దమ్మా, దగ్గర దగ్గర రెండు కిలోలు తగ్గినవ్. నీళ్లు మంచిగ తాగు" అన్నాడు.

టెంటులో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మల్ల చూడు బిడ్డా" అంది అండాలమ్మ.

మళ్లీ చూశాడు. ముల్లు అక్కడే ఆగింది. అండాలమ్మ దిగి తన చోట కూర్చుని చేతులు చూసుకుంది. ఎప్పుడూ మణికట్టుకు బిగిసి ఉండే గాజులు వదులై మోచేతి వైపు జారాయి. పెళ్లయ్యాక ఆమె ఒంట్లోంచి ఒక్క వీసం తగ్గడం ఇదే మొదలు. ఆమెకు సంతోషం వేసింది. అంతమంది మధ్య కూర్చుని, కడుపు మాడుతుంటే, నవ్వాపుకోలేకపోయింది. ఆ వెంటనే భయం వేసింది. ఇక్కడ తగ్గిందంటే అక్కడ తగ్గనట్టే.

అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, నేను వెంకట్రావుని. మీరు ఉపవాసం ఉన్నారా లేదా?" వెంకట్రావుది తెనాలి పక్క ఊరు, ఇరవై ఏళ్లుగా వనస్థలిపురంలో ఇల్లు. కంగారు పడితే మాట మరీ తెనాలికి వెళ్లిపోయేది.

"ఉన్న సారూ. మంచినీళ్లు తప్ప ఏం ముట్టలే."

"మరి వీడు దిగట్లేదేంటమ్మా? డెబ్బై మీద అలా కూర్చున్నాడు. రేపు సాయంత్రం తూకం. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. ఎవరి పేరున ఉన్నారు మీరు?"

అండాలమ్మ జరిగింది చెప్పింది. పొద్దున పటం ముందు ఒక మాట, టెంటులో మైకులో ఇంకో మాట. దేవుడికైనా మైకులో చెప్పిందే ముందు వినబడుతుంది కాబోలు.

"సరే, అయిందేదో అయింది. మీరిప్పుడే ఏదన్నా నోట్లో వేసుకుని ఆ దీక్ష విడిచెయ్యండి. ఇంటికెళ్లి మళ్లీ వాడి పేరున మొదలెట్టండి. రేపటికి రెండు కిలోలు దిగినా మిగతాది నేను పరుగెత్తించి దించుతాను. మీరు కూర్చుంటేనే వస్తుందా అమ్మా తెలంగాణ? వచ్చేదైతే మీరు లేచినా వస్తుంది. వీడికి మాత్రం ఇదొక్కటే."

ఆ మాటలో అబద్ధం లేదు. అండాలమ్మకు అదే తోచింది. "పోరనికియ్యండి సారూ" అంది.

దశరథ గొంతు వినిపించింది. "అమ్మా, ఏమైందే? నేను రోజటి లెక్కనే తిన్న. ఈడ కబాబులు మంచిగున్నయి. పొద్దున కాంటా ఎక్కితే గుండె ఆగింది."

"పస్తుండు బిడ్డా. రేపటి దాకనే గద."

"నాకు పస్తుండుడు రాదమ్మా. ఎన్నడున్న నేను? జర నువ్వే లే. ఇంటికి పో. నా పేరు చెప్పు."

సంధ్యారాణి అంతా విన్నది. ఒక గ్లాసులో నిమ్మరసం తెచ్చి అండాలమ్మ చేతిలో పెట్టింది. "ఎవ్వలు ఏమనరక్కా. పో" అంది మెల్లగా. మిగిలిన ఆడవాళ్లు చూడకూడదని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు.

గ్లాసు చల్లగా ఉంది. నిమ్మకాయ వాసన ముక్కుకు తగిలేసరికి అండాలమ్మ నోట్లో నీళ్లూరాయి. కొడుకు మీద ప్రేమ ఆమెకు కొత్తగా పుట్టుకు రావాల్సింది కాదు. అది ఉంది, కడుపులో ఆకలి ఉన్నంత గట్టిగా ఉంది. కాని దానితో పాటు కోపం కూడా వచ్చింది, ఎన్నడూ రానిది. ఇరవై ఐదేళ్ల మనిషి, నాకు ఆకలిగా ఉండడం రాదంటున్నాడు. మాంసం ముక్క ఉడికిందో లేదో చూడటానికి కూడా నోట్లో వేసుకోకుండా, వాసన చూసి ఉప్పు సరిచేసిన పూటలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. అన్ని ఆకలులూ ఎటో పోయాయి. ఈ ఒక్కటి మాత్రం ఆమె ఒంటికే తగిలి గాజులు వదులు చేసింది. దీన్ని విడిచిపెట్టబుద్ధి కాలేదు.

గ్లాసు కింద పెట్టింది.

"నేను లేస్తలేను బిడ్డా" అంది ఫోన్లో. "నువ్వే ఉండు. ఎట్లుండాల్నో చెప్త, విను."

"అమ్మా..."

"విను ముందుగాల. వంటింటి దిక్కు పోకు. ఎవలన్న తింటుంటే వాళ్ల ముందట కూసోకు. పొద్దుగూకినంక నెత్తి నొస్తది, తువ్వాల తడిపి గట్టిగ కట్టుకో. పెదవులు తడుపుకో, మింగకు. నడిరాత్రి కడుపుల మంట లేస్తది. అది ఒక్కసారే లేస్తది. బోర్ల పండుకుని కడుపు కింద మెత్త పెట్టుకో. అది పోయినంక ఇగ భయం లేదు, ఆకలి దానంతట అదే ఊకుంటది. ఎంత సేపైందని గడియారం చూడకు. చూస్తే పొద్దు పోవది."

ఫోన్ పెట్టేశాక అండాలమ్మ కొంగు మొహం మీద వేసుకుని పడుకుంది. ఏడ్చిందో లేదో పక్కనున్నవాళ్లకు తెలియలేదు. సంధ్యారాణి నిమ్మరసం తీసుకుపోయి రోడ్డు మీద పారబోసింది.

మర్నాడు మధ్యాహ్నం పోలీసులు వచ్చి ఆడవాళ్లను వ్యానెక్కించారు. అండాలమ్మ కళ్లు తిరిగి వ్యాను మెట్టు మీదే కూలబడింది. దవాఖానలో సెలైను పెట్టారు. ఎన్ని రోజులైనా ఆమెకేం కాదనుకున్నవాళ్లు మంచం చుట్టూ నిలబడ్డారు. ఆ మర్నాటి సాయంత్రం లచ్చయ్య వచ్చి తల దగ్గర కూర్చున్నాడు.

"తూకానికి దిగిండట. సరిగ్గా అరవై ఆరు. వెంకట్రావు సార్ చెప్పిండు" అన్నాడు.

"మల్ల?"

"మల్లేంది. తెల్లారి కాళ్లల్ల సత్తువ లేదట. మొదటి కుస్తీలనే ఉజ్బెక్కోడు ఎత్తి ఏసిండు. రెండు భుజాలు ఆనినయి. గంతే."

తల్లి తినగానే బరువు తిరిగొచ్చే అలవాటున్న ఒంటికి, తాను తిని కోలుకోవడానికి ఒక రాత్రి సరిపోలేదు. జాతీయ శిబిరం జాబితాలో ఇంకొకరి పేరు వచ్చింది. టెంటు మళ్లీ వేశారు, మళ్లీ పీకేశారు. తెలంగాణ ఆ ఏడు రాలేదు. అండాలమ్మ ఇంటికొచ్చి, కొడుకు ఓడింది తాను ఆ గ్లాసు తాగకపోవడం వల్లనేనని లోపల లోపల కుమిలిపోయింది. ఆ సంగతి లచ్చయ్యతో అనలేదు. అతనూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకు బరువుగా ఉండేది.

దశరథ తిరిగొచ్చే రోజు తెల్లారి ఆమె తలస్నానం చేసి, పటం ముందు నిలబడి, నీళ్లు విడిచి, కొడుకు పేరు చెప్పింది. ఏ పోటీ లేదు, ఏ తూకం లేదు. అయినా చెప్పింది. తర్వాత మాంసం తెప్పించి వండింది. వాసన చూసి ఉప్పు సరిచేసింది.

మధ్యాహ్నం దాటాక దశరథ ఇంటికొచ్చాడు. సంచి గోడకు పెట్టి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చున్నాడు. అండాలమ్మ అతని మొహం చూడలేక కంచం ముందు పెట్టి పక్కకు తిరిగింది. దశరథ కంచంలో చెయ్యి పెట్టలేదు. నడుము దగ్గర తడుముకున్నాడు.

"విమానం దిగిన కాడికెల్లి ప్యాంటు జారుతుంది. బెల్టు ఒక బొక్క బిగించిన. ఎల్బీ నగర్ వచ్చేసరికి ఇంకోటి." తల్లి వైపు చూశాడు. "పొద్దున నా పేరు చెప్పినవా?"

"చెప్పిన."

"ఎందుకు?"

"నా మూలంగనే ఓడిపోతివి గద బిడ్డా. వచ్చేసారికి ఇప్పటికెల్లే ఉంటె..."

దశరథ పీట ఆమె వైపు తిప్పుకున్నాడు.

"గా రాత్రి నువ్వు చెప్పినట్టే చేసిన" అన్నాడు. "బోర్ల పండుకున్న. మెత్త పెట్టుకున్న. అయినా మంట లేచినప్పుడు అమ్మా అని ఒర్రిన. పక్క రూముల ఎవడో రొట్టె తింటున్నడు. పోయి గుంజుకుందామని తలుపు దాక పోయిన. ఒక్క రాత్రికే గట్లయింది నాకు. నువ్వు నాకు వండి పెట్టుకుంట ఎట్లున్నవే అమ్మా ఇన్నేండ్లు?"

"అలవాటైంది."

"అలవాటెట్లయితది? నేను అడుగలే. గంతే."

కంచం తీసి ఆమె ముందుకు జరిపాడు.

"ఇగ అరవై ఆరు వద్దు. డెబ్బై నాలుగు కిలోలల్ల దిగుత. సార్‌కు చెప్పిన. తూకానికి దించే పనే ఉండది."

"డెబ్బై నాలుగుల దున్నపోతులసొంటోళ్లు ఉంటరురా! ఇరగ్గొడ్తరు!"

"ఇరగ్గొట్టనియ్యి. నువ్వు తిను."

నిజంగానే ఇరగ్గొట్టారు. శిబిరం పిలవకపోయినా, చిన్న చిన్న పోటీలకు ఆ పై తరగతిలో దశరథ ఇంకా మూడు దేశాలు చూశాడు, ఒక్క పతకమూ తేలేదు, భుజానికి ఒకసారి కట్టు కట్టించుకున్నాడు. అది తర్వాతి మాట. అప్పటికి అండాలమ్మ వాదించలేక ఊరుకుంది. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కొడుకు పేరు చెప్పడానికి నోరు తెరిచింది. దశరథ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పేరు చెప్పకు."

"చెప్పకుంటే నీ బరువు నీకు తిరిగి రాదు బిడ్డా. పోయింది పోయినట్టే."

"నేను తిని తెచ్చుకుంట. గీ ముద్ద ఎవల పేరు మీద వద్దు."

పేరు లేకుండా ఒక్కపొద్దు విడవడం అండాలమ్మకు రాదు. ముద్ద పట్టుకుని కొంతసేపు అలాగే ఉంది. తర్వాత నోట్లో పెట్టుకుంది. మాంసం సరిగ్గా ఉడికింది, ఉప్పే ఒక పిసరు ఎక్కువైంది. అన్నం గొంతు దిగి, ఎవరి దగ్గరికీ పోకుండా ఆమె కడుపులోనే నిలిచింది.